పదిహేడో బెడ్డు మీద పచ్చిక

ఫోనులో ఇంటి ఓనరమ్మ "నేను వచ్చేసరికి తలుపు తీసి ఉంచండి" అన్నట్టు కాంపౌండరుకు వినిపించింది. ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు మందులు కలిపి రిటైరైన మనిషి. ఉన్న రెండు చెవుల్లో ఒకటి ఆయనతోపాటే రిటైరైంది. రెండోది బుద్ధి పుట్టినప్పుడు డ్యూటీకి వచ్చేది. ఫోను పెట్టేసి భార్యను కేకేశాడు.

"చూశావుటే? పదకొండేళ్ళుగా ఓనరంటే ఆడపులి అని నన్ను హడలగొట్టావు. ఎంత కలుపుగోలు మనిషి! వస్తున్నాను, తలుపు తీసి ఉంచండి అంది. అంతే!"

ఆ పూటే వీధి తలుపు బందులకు నూనె పోశాడు. గడియ తోమాడు. కిర్రుమనే తలుపు కిమ్మనకుండా అయ్యేదాకా నిద్రపోలేదు.

మర్నాడు ఓనరమ్మ మళ్ళీ చేసింది. ఈసారి ఎత్తింది భార్య. ఆవిడ చెవులు రెండూ డ్యూటీలోనే ఉన్నాయి. విని, ఫోను పెట్టి, మొగుడి వైపు తిరిగింది.

"తలుపు కాదండీ మహానుభావా, కలుపు! లానులో కలుపు తీసి ఉంచమంది. ఎనిమిది వారాల్లో వస్తుందట. లాను పచ్చగా లేకపోయినా, ఒక్క కలుపు మొక్క కనబడినా అగ్రిమెంటు మళ్ళీ రాయదట. ఈ ఇంటి కోసం ఎవరో పళ్ళ డాక్టరు కాచుక్కూచున్నాడట."

"అంటే కలుపు తీయకపోతే తలుపు మూస్తుందన్నమాట" అన్నాడు కాంపౌండరు. ఆవిడ నవ్వలేదు. మొగుడి మాటకు భార్య నవ్వని రోజు ఇంట్లో వ్యవహారం ముదిరిందని లెక్క.

ముదరక ఏం చేస్తుంది? ఆ ఇంటి ముందుగదిలో ఆవిడ కుట్టుమిషను ఉంది. ఆ వీధిలో ఎవరి నడుము ఏ ఏడాది ఎంత లావెక్కిందో ఆవిడ కొలతల పుస్తకంలో ఉంది. పదకొండేళ్ళుగా జనం కాళ్ళకు ఆ గుమ్మం అలవాటైపోయింది. ఇల్లు మారితే మిషను వెంట వస్తుంది, గుమ్మం రాదు, గుమ్మం తొక్కేవాళ్ళు అసలే రారు. ఆవిడ చేతిపని అక్కడే ఆగిపోతుంది. ఆ సంగతి ఆవిడకెంత తెలుసో, కాంపౌండరుకూ అంతే తెలుసు. కాకపోతే తెలిసిన సంగతిని తెలియనట్టు, తెలియని సంగతిని తెలిసినట్టు నడిపించడం ఆయనకు వృత్తిలో అబ్బిన విద్య.

ఇద్దరూ బయటికొచ్చి లాను చూశారు. చలికాలం అప్పుడే గడిచింది. గడ్డి అద్దెకున్నవాళ్ళలా ఒదిగి ఒదిగి ఓ మూల కూచుంది. కలుపు మాత్రం ఓనరులా కాళ్ళు బార్లా చాపుకుని పడుకుంది. పసుపు పూలవి కొన్ని, నేలబారున పాకేవి కొన్ని, ముట్టుకుంటే కరిచేవి కొన్ని. వాటి పేర్లు తెలియవు గానీ పొగరు తెలుస్తోంది. అన్నిటికీ మించి, నట్టనడుమ ఓ సోఫా అంత మేర నేల బోడిగా ఉంది. సోఫా అంత అనడం పోలిక కాదు. అక్కడ నిజంగానే సోఫా ఉండేది.

ఆ సోఫా కథకు నాయకుడు బావమరిది. భార్యకు తమ్ముడు, వీధి చివర మంగలి షాపు యజమాని. షాపులో కొత్త సోఫా వేసి, పాతదాన్ని "రెండు రోజులక్కా, రెండే రోజులు" అని అక్క ఇంటి లానులో దింపి, పైన టార్పాలిన్ కప్పి వెళ్ళాడు. ఆ రెండు రోజులు నాలుగు నెలలయ్యాయి. మనుషుల బరువు మోసిన సోఫా, తన బరువు గడ్డి మీద మోపి, దాని ఊపిరి తీసింది.

కబురు తెలిసిన గంటలో బావమరిది గడ్డి కోసే మిషనుతో దిగాడు.

"నువ్వు పక్కకు జరుగు బావా. జుట్టయినా గడ్డయినా సూత్రం ఒకటే. మొదలంటా కొడితే గుబురుగా వస్తుంది."

"ఆ సూత్రం నీ నెత్తి మీద ఎందుకు పనిచెయ్యలేదురా?"

నున్నటి బుర్ర తడుముకుంటూనే బావమరిది మిషను స్టార్టు చేశాడు. పావుగంటలో లానుకు గుండు కొట్టాడు. కోత అయ్యాక అలవాటు కొద్దీ అద్దం చూపించబోయినవాడిలా వెనక్కి జరిగి, "ఎలా ఉంది?" అన్నాడు.

"టైఫాయిడ్ వచ్చి లేచినవాడి తలలా ఉంది" అన్నాడు కాంపౌండరు.

వారం తిరిగేసరికి గడ్డి నీడ పోయిన చోటల్లా కొత్త కలుపు కళ్ళు తెరిచింది. ఆ వారమంతా లానులో గడ్డి లేకపోయినా, ఇంట్లో ఆవిడ ఇద్దరికీ పెట్టిన గడ్డికి లోటు లేదు.

"ఇకనుంచి దీనికి డాక్టరు ఒక్కడే, నేను" అని ప్రకటించాడు కాంపౌండరు. "నా అనుమతి లేకుండా ఎవరూ నీళ్ళు కూడా పొయ్యకూడదు. ఇద్దరు వైద్యుల చేతిలో పడ్డ రోగి బతికినట్టు చరిత్రలో లేదు."

"ఒక్కడి చేతిలో పడ్డవాళ్ళ చరిత్ర కూడా మాకు తెలుసులెండి" అని ఆవిడ మిషను దగ్గరకు పోయింది.

విత్తనాల కొట్టువాడు ఆయన చెప్పిందంతా శ్రద్ధగా విని ఓ బస్తా తీసి ముందు పెట్టాడు.

"ఇందులో ఎరువూ, కలుపును ఆపే మందూ రెండూ ఉన్నాయి సార్. ఉన్న కలుపును ఇది చంపదు, దాన్ని మీరు వేళ్ళతో సహా పీకెయ్యాలి. మట్టిలో నిద్రపోతున్న గింజలు మొలకెత్తకుండా చూసుకుంటుంది. చల్లాక నీళ్ళు పెట్టండి. గడ్డిని మూడో వంతుకు మించి కొయ్యకండి. ఇంకొక్క మాట సార్..."

"బాబూ" అన్నాడు కాంపౌండరు బస్తా భుజానికెత్తుకుంటూ, "ఇంకొక్క మాట అనేది ముప్పై ఏళ్ళు నేను చెప్పిన డైలాగు. జనం వినకుండా పోయేవాళ్ళు. ఇప్పుడు పోయే వంతు నాది."

"వెనకాల రాసుంది సార్, చదువుకోండి!" అని కొట్టువాడు వీధిలోకొచ్చి అరిచాడు. అరుపు రిటైరైన చెవి వైపు నుంచి వచ్చింది.

ఎరువు చల్లే బండి తనకు తెలిసినవాళ్ళింట్లో ఉంది, దాన్ని ఎరువు అడిగి తెస్తానన్నాడు బావమరిది.

"ఎరువు చల్లడానికి బండి ఎరువా! నా చేతులేమయ్యాయి?" అన్నాడు కాంపౌండరు.

ఆయన పద్ధతి వేరు. వెనకటి రోజుల్లో ఆయన చేత్తో మందు పొట్లం కట్టాడంటే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని ఉండేది కాదు. వంటింటి బల్ల మీద బస్తా కుమ్మరించి, తక్కెడ పెట్టి, తెల్ల కాగితాలు ముక్కలు చేసి, రెండు రోజులు కూచుని పొట్లాలు కట్టాడు. ఖాళీ బస్తాను చదవకుండానే చెత్తబుట్టలో వేశాడు. మందు పొట్లంలోకి వచ్చాక అది కాంపౌండరు సొత్తు, దాని పుట్టింటి సంగతులు ఎవరిక్కావాలి?

తర్వాత లానుకు అటూ ఇటూ దారాలు కట్టాడు. ఏడు వరసలు, వరసకు ఆరు గళ్ళు. మొత్తం నలభై రెండు బెడ్లు. బెడ్డుకో పుల్ల, పుల్లకో అట్టముక్క, అట్టముక్క మీద నంబరు. సోఫా చచ్చిన చోటు, అంటే గడ్డిని చంపిన చోటు, పదిహేడో బెడ్డు. ఉన్న కలుపునంతా ఆవిడ మూడు రోజులు గొంతుక్కూచుని పీకింది. ఆ పీకుడు నడుముకు పట్టింది. "వీధిలో అందరి నడుములూ కొలిచాను, నా నడుము ఉందో లేదో ఎవరైనా కొలిచి చెప్పండి" అంది ఆవిడ. అంతా అయ్యాక కాంపౌండరు తెల్ల కోటు తొడుక్కుని, ఒక్కో బెడ్డు దగ్గరా వంగి, ఒక్కో పొట్లం విప్పి, ఉప్పు చల్లినంత సమానంగా చల్లాడు. వెనకాలే గొట్టంతో నీళ్ళు పట్టించాడు.

"మాత్ర వేసుకున్నాక నీళ్ళు తాగాలి" అని గడ్డికి నచ్చజెప్పాడు.

"ఏముంది బావా అందులో?" అన్నాడు బావమరిది గోడ అవతలి నుంచి.

"టానిక్కు."

కలుపును ఆపే మందు కూడా ఉందని ఆయన చెప్పలేదు. మందులో ఏముందో రోగి బంధువులకు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "పదిహేడో బెడ్డు కూడా ఈ టానిక్కుతోనే కోలుకుంటుంది. చుట్టూ ఉన్న గడ్డి పాకి నిండుతుంది. విత్తనం, గిత్తనం ఎవరూ చల్లకండి" అని మాత్రం గట్టిగా చెప్పాడు.

మూడు వారాలకు లాను లేచింది. అలా ఇలా కాదు, పచ్చి అబద్ధంలా నిగనిగలాడుతూ లేచింది. కొత్త కలుపు ఒక్కటి తల ఎత్తలేదు. పొద్దున్నే కాంపౌండరు రౌండ్లకు వెళ్ళేవాడు. ఒక్కో బెడ్డు దగ్గరా ఆగి, చార్టు మీద ఏదో గీకి, తృప్తిగా ముందుకు పోయేవాడు. పదిహేడు దగ్గర మాత్రం ఆగేవాడు కాదు. ఆ చార్టు మీద ఒకటే మాట ఉండేది: "పరిస్థితి నిలకడగా ఉంది."

"నిలకడగా ఉండేవాటిలో శవం కూడా ఒకటండీ" అంది ఆవిడ.

నవ్వి ఊరుకున్నాడు గానీ ఆయనకు లోపల బెరుకు మొదలైంది. చుట్టూ ఉన్న గడ్డి పాకడం లేదు. నలభై ఒక్క బెడ్లు పచ్చబడ్డ కొద్దీ పదిహేడో బెడ్డు బోడితనం ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతోంది. విత్తనం వద్దని అన్నది తనే. అన్న మాట మీద నిలబడాలంటే ఇల్లు నిలబడదు. ఓ మధ్యాహ్నం ఆవిడ ఎవరికో జాకెట్టు కొలతలకని వెళ్ళగానే, చొక్కా లోపల దాచిన గడ్డి విత్తనాల పొట్లం తీసి, పదిహేడో బెడ్డు మీద చల్లి, మట్టి సర్ది, ఏమీ ఎరగనట్టు వచ్చి పేపరు పట్టుకున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది.

ఆ మర్నాడే ఆయన భోంచేసి కునుకు తీస్తుండగా ఆవిడ దారాల పెట్టె అడుగు నుంచి ఓ పొట్లం తీసింది. సోఫాను లానులో పెట్టుకోనిచ్చింది తనే. ఆ సోఫా తన కుట్టుమిషనుకు ఎసరు పెట్టిందని ఆవిడకు ఓనరమ్మ ఫోను వచ్చిన రోజు నుంచీ గుండెల్లో గుబులు. వరసగా కుట్టు వేసినంత ఒద్దికగా విత్తనాలు చల్లి, పైన గుడ్డ ముక్కతో ఒత్తి వచ్చేసింది.

ఇక షాపుకు సెలవు రోజున బావమరిది వచ్చాడు. ఆ రోజు అక్కా బావా కళ్ళద్దాల కొట్టుకు వెళ్ళారు. తన సోఫా వల్ల అక్క రోడ్డున పడితే తను తల ఎత్తుకుని తిరగలేడు. అందరి తలలూ వంచడమే వృత్తిగా ఉన్నవాడికి తన తల వంచుకోవడం కష్టం. పౌడరు చల్లినట్టు ఫఫ్‌మని రెండు పొట్లాలు చల్లి పోయాడు.

పది రోజులైనా ఒక్క పోచ రాలేదు. ఎవరికి వాళ్ళు రహస్యంగా చూసుకుని, ఎవరికి వాళ్ళు రహస్యంగా ఏడ్చి, మళ్ళీ చల్లారు. మళ్ళీ రాలేదు. ఓ సాయంత్రం ముగ్గురూ గుమ్మంలో కూచున్నప్పుడు మాట బయటికొచ్చింది.

"పిచ్చుకలు ఎక్కువైపోయాయి ఈ మధ్య" అన్నాడు కాంపౌండరు పదిహేడో బెడ్డు వైపు చూడకుండా.

"పిచ్చుకలు కాదండీ, చీమలు. గింజ వదలవు" అంది ఆవిడ.

"చీమలేమిటక్కా, పక్కింటి పిల్లి. అది అక్కడే దొర్లుతోంది" అన్నాడు బావమరిది.

"గింజలేమిటి? ఏం గింజలు? ఎవరు చల్లారు?" అన్నాడు కాంపౌండరు ఉలిక్కిపడి.

"ఎవరు చల్లారు? ఎవరూ చల్లలేదు" అన్నారు అక్కాతమ్ముళ్ళు ఒక్క గొంతుతో.

పాపం పిచ్చుక, చీమ, పిల్లి ముగ్గురూ ఆ వీధిలో ఇంతవరకు మచ్చ లేకుండా బతికినవాళ్ళు. మర్నాడు బావమరిది షాపు నుంచి గిరాకీల మెడకు కట్టే తెల్ల గుడ్డ తెచ్చి, కర్రకు తొడిగి, పైన కుండ బోర్లించి, పదిహేడో బెడ్డులో దిష్టిబొమ్మ నిలబెట్టాడు. అది కటింగు కోసం కూచుని, వంతు రాక, నిలబడిపోయిన మనిషిలా ఉంది.

ఎనిమిదో వారం చివర ఓనరమ్మ రానే వచ్చింది. గేటు తీసి లోపలికి రెండు అడుగులు వేసి ఆగింది. వంగి గడ్డిని అరచేత్తో నిమిరింది. ఒక్కో వరసా నడిచి చూసింది. అట్టముక్కల మీది నంబర్లు చదువుకుంది. వెనకాల ముగ్గురూ ఆపరేషన్ గది బయట కాచుకున్న బంధువుల్లా నిలబడ్డారు.

"ఆయనెవరు? ఎండలో నిలబెట్టారేం, కుర్చీ వెయ్యండి" అంది ఓనరమ్మ.

"ఆయన... మనిషి కాదు మేడం" అన్నాడు బావమరిది.

ఓనరమ్మ దగ్గరికి వెళ్ళి, దిష్టిబొమ్మను పక్కకు జరిపి, కింద బోడి నేలను చూసింది. చాలాసేపు చూసింది. ఆవిడ చూస్తున్న కొద్దీ భార్య కళ్ళ ముందు కుట్టుమిషను లారీ ఎక్కుతోంది.

"ఇదేంటి?"

కాంపౌండరు పరిస్థితి నిలకడగా ఉందని చెప్పబోయాడు. పక్కకు చూస్తే భార్య కొంగు అంచును వేళ్ళతో నలుపుతోంది. ఆవిడ అలా గుడ్డ నలపడం ఆయన ఎప్పుడూ చూడలేదు. ఇస్త్రీ మడత కోసం ఇల్లంతా గోల చేసే మనిషి. ఆయన నాలుక మీదికొచ్చిన అబద్ధం అక్కడే ఆగిపోయింది.

"నా తప్పమ్మా" అన్నాడు. "విత్తనం వద్దని వీళ్ళకు చెప్పి, నేనే దొంగతనంగా చల్లాను. రెండుసార్లు. మొలవలేదు. ఎందుకు మొలవలేదో నాకు తెలీదు."

తెలీదు అనే మాట ఆయన నోట విని బావమరిది బావ నుదురు పట్టుకుని చూడబోయాడు.

"మీరు చల్లారా!" అంది భార్య. "నేనూ చల్లాను కదండీ! మీరు పడుకున్నప్పుడు. మూడుసార్లు."

"నేను మొత్తం ఆరు పొట్లాలు" అన్నాడు బావమరిది. "సోఫా నాదని..."

"ఒరేయ్! అయితే పిల్లి అన్నావేం?"

"నువ్వు చీమలన్నావుగా!"

"ఆగండి, ఆగండి" అంది ఓనరమ్మ. "ముందు లానుకు ఏం వేశారో చెప్పండి."

"ఎరువు" అన్నాడు కాంపౌండరు. "దాంతోపాటు కలుపు మొలవకుండా ఆపే మందు."

"టానిక్కు అన్నావుగా బావా!"

"ఆ మందు పదిహేడులోనూ వేశారా?" అంది ఓనరమ్మ.

"అన్ని బెడ్లకూ సమానంగా వేశానమ్మా. నాకు పక్షపాతం లేదు."

ఓనరమ్మ నెత్తి పట్టుకుంది. "గింజ మొలవకుండా ఆపే మందు వేసి, అదే చోట గింజలు చల్లి, మొలవలేదని పిల్లిని తిడతారా? మీ ముగ్గురివీ ఎన్ని పొట్లాల గింజలున్నాయో, అన్నీ అక్కడే, ఆ మట్టిలోనే చచ్చి పడున్నాయి!"

"అదేమిటమ్మా?" కాంపౌండరు నిజంగానే నొచ్చుకున్నాడు. "టీకా వేస్తే జబ్బు రాదు గానీ, బిడ్డ పుట్టకుండా పోతుందా? మంచి గింజేదో కలుపు గింజేదో మందుకు తెలియదా?"

"మీరు వేసింది టీకా కాదు కాంపౌండరు గారూ, కుటుంబ నియంత్రణ! దానికి మంచి కుటుంబం, చెడ్డ కుటుంబం అని ఉండదు. కలుపు గింజయినా గడ్డి గింజయినా వేరు బయట పెట్టగానే నొక్కేస్తుంది. వేరూనిన పాత గడ్డికి ఏమీ కాదు. అందుకే ఆ నలభై ఒకటి పచ్చగా ఉన్నాయి, ఇది బోడిగా ఉంది. మందేసిన చోట మూడు నెలలు విత్తనం చల్లొద్దని కొట్టువాడు చెప్పలేదూ?"

"ఇంకొక్క మాట అన్నాడు" అన్నాడు కాంపౌండరు నేల చూస్తూ. "అదే ఆ మాట అయ్యుంటుంది."

భార్య మొగుడి వైపు చూసింది. ఆ చూపులో నాలుగు గడ్డివాముల గడ్డి ఉంది.

ఓనరమ్మ మళ్ళీ లాను మీద ఓ చుట్టు నడిచి వచ్చింది. "ఆ పళ్ళ డాక్టరు ఏమన్నాడో తెలుసా? ఉన్న గడ్డంతా పీకేసి ప్లాస్టిక్ గడ్డి పరుస్తాడట. కట్టుడు పళ్ళ సెట్టులా. ఎరువు అక్కర్లేదు, కలుపు రాదు అన్నాడు. మీరు లానును ఎటూ చంపేసి ఉంటారని నేనూ దాదాపు సరే అన్నాను. ఇప్పుడు చూస్తే బతికే ఉంది. ఒక్క పన్నే ఊడింది."

బావమరిది నాలుకతో తన పళ్ళు తడుముకున్నాడు.

"ఒక్క పన్ను కోసం నోరంతా పీకించుకోలేను గదా. కానీ ఈ బోడి గడిని కూడా ఇలా వదిలెయ్యలేను. మీరే చేశారు, మీరే పూడ్చాలి. ఇది పచ్చబడేదాకా మీరు ఈ ఇల్లు వదిలి కదలడానికి వీల్లేదు. అగ్రిమెంటు ఒక ఏడాదికి రాద్దాం. ఎండలు తగ్గాక, మందు బలం విరిగాక, అప్పుడు చల్లండి విత్తనం. ఒక్కళ్ళే చల్లండి!"

భార్య చేతిలోంచి కొంగు జారింది. బావమరిది దిష్టిబొమ్మను కావలించుకున్నాడు. కాంపౌండరు ఒక్కడే ఇంకా ఏదో నములుతున్నట్టు నిలబడ్డాడు.

"ఏంటండీ, ఇంకేమన్నా చేశారా?" అంది భార్య అనుమానంగా.

"ఆ మూడు నెలల లెక్క ఒక్క పొట్లానికే కదమ్మా?" అని ఓనరమ్మను అడిగాడు.

"అవును. మీరు సమానంగా వేశానన్నారుగా?"

"మొదట సమానంగానే వేశాను. తర్వాత పదిహేడో బెడ్డు కోలుకోవడం లేదని, కట్టగా మిగిలిన అడుగూ బొడుగూ కలిపి ఇంకో నాలుగు డోసులు ఇచ్చాను. వారానికొకటి చొప్పున. మొన్న మంగళవారం దాకా."

"ఏవండీ!" అంది భార్య.

"బావా!" అన్నాడు బావమరిది. "అయితే నా ఆరు పొట్లాలూ దండగేనా!"

ఓనరమ్మ బోడి నేలను, కాంపౌండరును మార్చి మార్చి చూసింది. బ్యాగులోంచి కాగితాలు తీసి, ఏడాది అని ఉన్న చోట కొట్టేసింది.

"రెండేళ్ళకు రాస్తున్నాను" అంది. "ఆలోపు మొలిచేలా లేదు."